తొలి వానతోనే చెరువుకు గండం
వాననీరు దాదాపు శుభ్రమైనదే. కానీ వేసవంతా రోడ్లపై పేరుకున్న నూనె, టైర్ల పొడి, చెత్త తొలి వానకే నాలాల్లోకి కొట్టుకుపోతాయి. హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌నే తీసుకుందాం. కూకట్‌పల్లి నాలాలో మామూలు రోజుల్లో పారే మురుగును సాగర్‌లో కలవకుండా మళ్లించే ఏర్పాటు ఉంది. భారీ వాన పడితే అది చాలదు. వాననీటితోపాటు మురుగూ పొర్లి సాగర్‌లో పడుతుంది. ఆ మలినాలను తినే బాక్టీరియా నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను వాడేస్తుంది. అసలే 30 డిగ్రీల వద్ద లీటరు మంచినీటిలో గాలి నుంచి కరిగేది సుమారు 7.5 మిల్లీగ్రాములే. అది 2కి పడిపోతే చాలా చేపలు బతకవు.

నెలకోసారి మధ్యాహ్నం తీసే నమూనాలో ఇది కనబడదు. పైగా పగలు నాచు ఆక్సిజన్ విడుదల చేస్తుంది కనుక అంకె బాగానే ఉంటుంది. కొలవాల్సింది వాన పడిన మర్నాడు తెల్లవారుజామున, నాలా కలిసే చోట.