బ్యాగుల దగ్గర ఎవరు కూర్చుంటారు?

పరీక్షలు అయ్యాయో లేదో ఇంట్లో పోరు మొదలైపోయి ఉంటుంది. "అమ్మా, వండర్‌లాకి ఎప్పుడు?" అని పొద్దున లేస్తూనే ఒకడు, పడుకునే ముందు ఇంకొకత్తె. పక్కింటి పిల్లలు వెళ్లొచ్చి ఫొటోలు చూపించారంటే ఇక చెప్పక్కర్లేదు. టిక్కెట్లు మా మరిది, అదే మీ ఆయన, ఫోన్‌లో బుక్ చేసేస్తాడు, కారూ ఆయనే నడుపుతాడు. మిగతాదంతా నీ నెత్తిమీదే కదూ! అందుకే రా చెల్లీ, కాసేపు కూర్చుని మాట్లాడుకుందాం.

ముందు ఎక్కడికన్నది తేల్చుకో. హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నవన్నీ ఒకలాంటివి కావు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన రావిర్యాలలో 2016లో తెరిచిన వండర్‌లా గిర్రున తిప్పే ఆటలకీ, నీళ్లకీ పెట్టింది పేరు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాళ్లకి పని. మీ అత్తగారు కూడా వస్తానంటే మాత్రం రామోజీ ఫిల్మ్ సిటీ నయం. 1996 నుంచీ ఉన్నదే, విజయవాడ హైవే మీద. అక్కడ బస్సెక్కించి సెట్లన్నీ చూపిస్తారు, కూర్చుని చూసే షోలూ ఉంటాయి. మరీ చిన్నపిల్లలైతే లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర స్నో వరల్డ్ ఉంది. చలికోటూ బూట్లూ వాళ్లే ఇస్తారు, కాసేపు మంచులో దొర్లి వచ్చేయొచ్చు. నీళ్లొక్కటే చాలనుకుంటే నెక్లెస్ రోడ్డులో జలవిహార్ ఉండనే ఉంది. అనంతపురం, హిందూపురం వైపు వాళ్లకి హైదరాబాద్ కంటే బెంగళూరు దగ్గర బిడదిలో ఉన్న వండర్‌లాయే దగ్గర. శ్రీకాకుళం వాళ్లకి 2024లో భువనేశ్వర్‌లో కూడా ఒకటి వచ్చింది.

ఊరు తేలింది కదా, ఇప్పుడు కుట్టుమిషన్ డబ్బాలోంచి టేపు తియ్. పిల్లల్ని గోడకి ఆనించి, చెప్పులు విప్పించి ఎత్తు కొలువు. ఈ పార్కుల్లో చాలావరకు పిల్లల వయసుతో పనిలేదు, ఎత్తు లెక్కే. వండర్‌లాలో టిక్కెట్ కూడా అంతే. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకి టిక్కెట్ లేదు, 140 దాటితే పెద్దవాళ్ల రేటు. పెద్ద పెద్ద ఆటల దగ్గర కూడా ఇంత ఎత్తుండాలని గీత గీసి పెడతారు. భుజాల మీంచి దిగి ఒడిలో బిగుసుకునే ఇనుప పట్టీ ఒక కొలతకి చేసింది మరి, పిల్ల చిన్నదైతే అందులోంచి జారిపోతుంది. అందుకే అక్కడి కుర్రాడు ఎంత బతిమాలినా ఒప్పుకోడు. ఆ గీత దగ్గర చూడాలి మన వీరుల్ని! మునివేళ్ల మీద లేచి, మెడ సాగదీసి, జుట్టు పైకి దువ్వుకుని నిలబడతారు. ఆ కుర్రాడు నవ్వుతూ అరచేత్తో తల మీద మెల్లిగా నొక్కుతాడు, మడమలు నేలకి తాకుతాయి, వీడి మొహం వేలాడుతుంది. అప్పటిదాకా గంటసేపు క్యూలో నిలబడి ఉంటారు కూడాను. ఇంట్లోనే కొలిచి "ఇది నీకు ఈసారి కుదరదురా, దీనికి వెళ్దాం" అని ముందే ఒప్పించుకుంటే ఆ ఏడుపు తప్పుతుంది.

ఎత్తు కొలిస్తే ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. పెద్దాడు ఎక్కేది చిన్నది ఎక్కలేదు. అంటే ఇల్లంతా కలిసి వెళ్లినా రోజంతా రెండు జట్లే. పెద్దాడితో మరిది వెళ్తాడు, చిన్నదాని దగ్గర నువ్వు ఉంటావు. ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు, అలా జరిగిపోతుందంతే. ఏ పార్కులోనైనా బెంచీల వైపు ఒక్కసారి చూడు. రెండు బ్యాగులు, నాలుగు జతల చెప్పులు, తడి తువ్వాలు, ముగ్గురి ఫోన్లు, సగం తాగిన నీళ్ల సీసా. వాటి మధ్యలో ఒక అమ్మ. "నాకు కళ్లు తిరుగుతాయిలెండి" అంటుంది. కొందరికి నిజంగానే తిరుగుతాయి, కాదనను. చాలామంది మాత్రం ఎక్కి చూడకుండానే ఆ మాట అనేస్తారు.

అందుకే నా మాట విని మూడు పనులు చెయ్. లోపలికి వెళ్లగానే అద్దెకి లాకరు తీసుకో. ఆ డబ్బులు దండగ అని ఎవరన్నా అంటే వినకు, అది నీ కాళ్లకి విడుదల. రెండోది, వంతులు. వండర్‌లాలో పట్టాల మీద ముందుకి దూసుకెళ్లి, తలకిందులు చేసి, మళ్లీ అదే దారిన వెనక్కి లాక్కొచ్చే రికాయిల్‌కి పెద్దాడితో ముందు నాన్న వెళ్లనీ, ఆయన దిగగానే చిన్నదాన్ని ఆయన చేతికిచ్చి నువ్వు వెళ్లు. మూడోది, బట్టలు. నూలు బట్టలతో, చీరతో నీళ్లలోకి దిగనివ్వరు. నూలు నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, దారాలు ఊడి నీళ్ల వడపోతకి అడ్డం పడతాయి. నైలాన్ డ్రెస్సు నీకూ ఒకటి కొనుక్కో, పిల్లలకే కొని ఊరుకోకు. లేకపోతే అదే నీకు ఒడ్డున కూర్చోడానికి సాకవుతుంది. నల్లపూసలు, వేలాడే కమ్మలు ఇంట్లో పెట్టు. చున్నీ వద్దే వద్దు.

ఇది మన మధ్యే అనుకో, తేదీ ఖాయం చేసే ముందు నీ నెలసరి తేదీలు కూడా చూసుకో. అందరి పరీక్షలూ, ఆఫీసు సెలవులూ చూసి మనదొక్కటే వదిలేస్తాం. తర్వాత దాన్ని వెనక్కి నెట్టడానికి ఎవరో చెప్పిన మాత్ర మింగుతాం. డాక్టరుని అడక్కుండా ఆ పని చెయ్యకు. కడుపుతో ఉన్నవాళ్లు, గుండె జబ్బు, వెన్నునొప్పి ఉన్నవాళ్లు ఆ కుదుపుల ఆటల జోలికి పోకూడదు. సిగ్గుపడి దాచే సంగతి కాదది.

తిండి మాటకొస్తే, పులిహోర డబ్బా గేటు దగ్గరే ఆపేస్తారు. దాన్ని కారులో ఉంచి తిరుగు ప్రయాణంలో తినండి. పొద్దున ఇడ్లీలాంటి తేలిక టిఫిన్ చాలు. నీళ్ల ఆటలు సాధారణంగా మధ్యాహ్నం నుంచి ఉంటాయి కాబట్టి గిర్రున తిరిగేవన్నీ భోజనానికి ముందే కానిచ్చెయ్.

నీళ్ల దగ్గర మాత్రం వంతు ఎవరిదైనా ఒకరి కన్ను పిల్లల మీదే ఉండాలి. అలల కొలనులో లోతు మెల్లమెల్లగా పెరుగుతుంది, పిల్లలకి తెలీదు. మునిగే పిల్ల సినిమాలో లాగా కేకలు వెయ్యదు, చప్పుడు లేకుండా కిందికి పోతుంది. అందుకే చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఎవరో ఒకరు ఉండి తీరాలి, ఆ కాసేపు ఫోన్ చేతిలో ఉండకూడదు. తప్పిపోతే పనికొస్తుందని పిల్లల ముంజేతి మీద బాల్ పెన్నుతో మీ ఫోన్ నంబరు రాయి. గేటు దగ్గరే ఒక ఫొటో తీసిపెట్టుకుంటే ఏ రంగు చొక్కా వేశామో గుర్తుకు తెచ్చుకునే పని ఉండదు.

వంతుల సంగతి అక్కడికెళ్లాక ఎత్తితే ఎవరూ వినరు. ముందు రోజు రాత్రి అన్నాల దగ్గరే చెప్పెయ్: ప్రతి పెద్ద ఆటకీ ముందు నాన్న, ఆయన దిగగానే నేను, అప్పుడు చిన్నది నాన్నది అని. "నువ్వు ఎక్కుతావా?" అని మరిది నవ్వితే నవ్వనీ. బెంచీ మీద కూర్చున్నంత మాత్రాన నీకు సగం టిక్కెట్ ఇవ్వలేదు కదా, నీదీ పూర్తి రేటే అని గుర్తు చెయ్.