గోడ మీది పాఠం – బ్రయోఫైటా మొక్కలు

వానలు మొదలైతే చాలు, మన హాస్టల్ వెనుక గోడ, నీళ్ల ట్యాంకు కింది గచ్చు పచ్చబడతాయి. రెండింటినీ మనం 'నాచు' అనే అంటాం. నిజానికి అవి వేరు వేరు. గచ్చు మీద కాలు జారేలా చేసేది ఎక్కువగా శైవలం. గోడ మీద మఖమల్ గుడ్డలా మెత్తగా తగిలేది మాస్ మొక్క. దగ్గరగా చూస్తే దానికి చిన్న కాండం, చిన్న ఆకుల వంటి భాగాలు కనిపిస్తాయి.

మాస్‌లు బ్రయోఫైటా విభాగానికి చెందినవి. ఇందులో మూడు రకాలున్నాయి:

1. లివర్‌వర్ట్‌లు – రిక్సియా, మార్కాన్షియా
2. హార్న్‌వర్ట్‌లు – ఆంథోసిరాస్
3. మాస్‌లు – ఫ్యునేరియా, స్పాగ్నమ్

ప్రపంచంలో ఇవన్నీ కలిపి దాదాపు 20,000 జాతులు.

ఇవి ఎందుకు పొట్టిగా ఉంటాయి? వీటికి నిజమైన వేళ్లు లేవు. రైజాయిడ్లు అనే సన్నని పోగులు మాత్రం నేలను పట్టుకుంటాయి. పెద్ద మొక్కల్లో నీటిని పైకి మోసే దారువు వీటిలో లేదు. అందుకే ఒళ్లంతా నీటిని పీల్చుకుంటాయి. ఎక్కువ మాస్‌లు కొద్ది సెంటీమీటర్లు దాటవు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ అడవుల్లోని డాసోనియా మాత్రం 50 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది.

వీటిని 'వృక్షరాజ్యపు ఉభయచరాలు' అంటారు. ఎందుకంటే బతికేది నేల మీదే అయినా పురుష బీజకణాలు స్త్రీ బీజకణాన్ని చేరడానికి నీటిలో ఈదాలి. పలుచని నీటి పొర ఉన్నా చాలు. మనకు కనిపించే పచ్చని మొక్క సంయోగబీజదం. దానిపై సన్నని కాడతో, చివర గుళికతో నిలబడేది సిద్ధబీజదం. గుళిక విచ్చుకుంటే సిద్ధబీజాలు గాలికి ఎగిరి, తడి దొరికిన చోట మొలకెత్తుతాయి. ఈ తేడా పరీక్షలో తప్పక గుర్తుంచుకోండి.

ఉపయోగాలూ ఉన్నాయి. మాస్‌లు రాళ్ల మీద మట్టిని నిలిపి, తర్వాత వచ్చే మొక్కలకు చోటు సిద్ధం చేస్తాయి. స్పాగ్నమ్ తన బరువుకు దాదాపు 20 రెట్ల నీటిని పట్టి ఉంచగలదు. మొదటి ప్రపంచ యుద్ధంలో (1914–18) దూది కరువైనప్పుడు సైనికుల గాయాలకు దీనితోనే కట్లు కట్టారు.

భారతదేశంలో ఈ శాస్త్రానికి పితామహుడు ఆచార్య శివరామ్ కశ్యప్ (1882–1934). హిమాలయాల్లో తిరిగి లివర్‌వర్ట్‌లను సేకరించి, 1929, 1932లలో రెండు సంపుటాల గ్రంథం వెలువరించారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ల్యాబ్ లేదని, మైక్రోస్కోపు లేదని దిగులుపడకండి. ఎండాకాలంలో గోడ మీద గోధుమరంగుకు తిరిగిన మాస్ ముక్కను తీసి, నాలుగు చుక్కల నీళ్లు పోయండి. ముడుచుకున్న ఆకులు కొద్ది నిమిషాల్లోనే విచ్చుకుంటాయి. అది చచ్చిపోలేదు, నీటి కోసం ఆగింది. బట్టీ పట్టిన పాఠం పరీక్ష అవగానే పోతుంది. కళ్లతో చూసిన పాఠం నిలిచిపోతుంది.