గేమ్ టెస్టర్ ఉద్యోగమంటే ఆటేనా?

ప్రశ్న: మాది శామీర్‌పేట. డిగ్రీ పూర్తయింది. వీడియో గేమ్‌లు బాగా ఆడతాను. గేమ్ టెస్టర్‌గా ఉద్యోగం దొరుకుతుందా?

జవాబు: అవకాశం ఉంది. అయితే ఆడటం వేరు, పరీక్షించడం వేరు.

టెస్టర్ ఒకే లెవెల్‌ను పదేపదే ఆడాలి. పాత్ర గోడలోంచి దూరిపోతోందా, మధ్యలో ఫోన్ వస్తే గేమ్ ఆగిపోతోందా, నెట్ పోయి వచ్చాక కొన్న నాణేలు మిగిలాయా అని చూడాలి. తప్పు కనబడితే ఏ ఫోన్‌లో, ఏ వెర్షన్‌లో, ఏమేం చేస్తే వచ్చిందో వరుసగా రాయాలి. అది చదివి డెవలపర్ అదే తప్పును మళ్లీ రప్పించగలిగితేనే మంచి రిపోర్టు. అందుకే వేగంగా ఆడే వేళ్లకన్నా ఓపిక, స్పష్టంగా రాయగల ఇంగ్లిష్ ముఖ్యం.

శామీర్‌పేట జీనోమ్ వ్యాలీలో మందులు, టీకాల పరిశ్రమలదే జోరు. గేమింగ్ కొలువులు ఎక్కువగా మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఉంటాయి. మీ ఊరి నుంచి అటు వెళ్లడానికి ఔటర్ రింగ్ రోడ్డు ఉంది. గేమ్‌లు తయారుచేసే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థకు హైదరాబాద్‌లో స్టూడియో ఉంది. ఇలాంటి సంస్థల కెరీర్ పేజీల్లో ‘క్యూఏ (నాణ్యత పరీక్ష) టెస్టర్’ అని వెతకాలి. తప్పులను నమోదు చేసే జిరా సాఫ్ట్‌వేర్ వాడకం నేర్చుకుని, ఉచిత గేమ్‌లలో కనిపెట్టిన తప్పులపై నాలుగైదు నమూనా రిపోర్టులు రెజ్యూమేకు జతచేస్తే మేలు.

‘ఇంట్లో గేమ్‌లు ఆడండి, రోజుకు వేలు సంపాదించండి’ అంటూ డిపాజిట్ అడిగేవారిని నమ్మవద్దు. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి.