దక్షిణావర్త శంఖమా, అమెరికా నత్తగుల్లా?

బీచ్‌లో ఏరుకొచ్చిన నత్తగుల్ల ఇంట్లో ఉంటే పిల్లల చేతికివ్వండి. చుట్టలు మొదలయ్యే కొస పైకి, నోరు తమ వైపు ఉండేలా పట్టుకోమనండి. నోరు కుడివైపు కనిపిస్తే అది కుడిచుట్టు గుల్ల. దాదాపు తప్పకుండా అదే కనిపిస్తుంది. నత్త జాతుల్లో నూటికి 90కి పైగా కుడిచుట్టువే.

అమెరికా తూర్పు తీరంలోనూ మెక్సికో సింధుశాఖలోనూ బ్యూసికాన్ అనే సముద్రపు నత్తల ప్రజాతి ఉంది. ఇవి ఆల్చిప్పలను తెరిచి తింటాయి. న్యూజెర్సీ రాష్ట్ర చిహ్నమైన బ్యూసికాన్ కారికా కుడిచుట్టుది. టెక్సాస్ చిహ్నమైన లైట్నింగ్ వెల్క్ మాత్రం ఎడమచుట్టుది. లేత గుల్లమీద మెరుపుల్లాంటి గోధుమరంగు చారలుంటాయి. అందుకే ఈ ఎడమచుట్టు వాటిని విడదీసిన శాస్త్రవేత్తలు సినిస్ట్రోఫల్గర్ అన్నారు. లాటిన్‌లో ‘ఎడమ’, ‘మెరుపు’ అనే మాటల కలయిక అది.

వీటికి శిలాజ బంధువులూ ఉన్నాయి. ఎడమచుట్టు శిలాజం ఒకదానికి 1840లో కాన్రాడ్ ‘కాంట్రేరియం’ అని పేరు పెట్టాడు. ఇప్పుడు బతికున్నదీ ఎడమచుట్టుదే కదా అని దాన్నీ చాలాకాలం ఆ పేరుతోనే పిలిచారు. పోల్చి చూస్తే రెండూ వేరు జాతులని తేలింది. పాత పుస్తకాల్లో మాత్రం ఆ పేరే కనిపిస్తుంది. ఒక్క పోలిక చూసి ‘రెండూ ఒకటే’ అని రాసే పిల్లలకు ఇది చూపించవచ్చు.

ఇక మన పూజగది సంగతి. దక్షిణావర్త శంఖమంటే కుడివైపు తిరిగినదని కదా మన లెక్క! జీవశాస్త్రంలో అది ఎడమచుట్టుది. మన సంప్రదాయంలో గుల్లను తోక పైకి పెట్టి చూస్తారు, అంటే శాస్త్రవేత్తలు పట్టుకునే తీరుకు తలకిందులుగా. గుల్లను తిప్పి పట్టుకోగానే నోరు పక్క మారుతుంది. పిల్లల చేత చేయించండి, వెంటనే అర్థమవుతుంది.

మన శంఖం టర్బినెల్లా పైరమ్. అందులో ఎడమచుట్టుది చాలా అరుదు, ఖరీదూ ఎక్కువే. అందుకే లైట్నింగ్ వెల్క్‌ను దక్షిణావర్తమని అమ్మేవాళ్ళున్నారు. తిరిగిన దిక్కు ఒకటే కాబట్టి చుట్టు చూసి పట్టుకోలేం. నోటి లోపల నడిమి స్తంభాన్ని వేలితో తడమండి. అసలు శంఖానికి అక్కడ 3, 4 గట్టి మడతలుంటాయి, గుల్ల కూడా మందంగా, బరువుగా ఉంటుంది. లైట్నింగ్ వెల్క్‌కు ఆ మడతల వరుస ఉండదు, తోక పొడుగ్గా సన్నబడుతుంది. డబ్బు కట్టకముందే చూడండి.