జపాన్ సంప్రదాయ చెక్క అచ్చు చిత్రాలలో వృక్షజన్య వర్ణకాలు: తయారీ, స్వభావం, కాలక్రమ మార్పులు

సారాంశం

ఎడో యుగపు (1603–1868) జపాన్ చెక్క అచ్చు చిత్రాలలో గులాబీ, నీలం, పసుపు రంగులకు ప్రధాన ఆధారం మొక్కలే. కుసుమ, అవోబనా, జపాన్ నీలి మొక్కల నుండి రంగు తీసే విధానాలను, వాటి రసాయన స్వభావాన్ని, ఆ స్వభావం కారణంగా చిత్రాలలో కలిగిన మార్పులను ఈ వ్యాసం వివరిస్తుంది. నేడు కనిపించే రంగును ముద్రించిననాటి రంగుగా భావించరాదనీ, వర్ణకాన్ని గుర్తించిన పిదపనే చిత్రాన్ని అంచనా వేయాలనీ ఇందులో ప్రతిపాదింపబడింది.

కీలక పదాలు: కుసుమ, కార్థమిన్, అవోబనా, నీలిమందు, సహజ రంగులు, చెక్క అచ్చు ముద్రణ

పరిచయం

జపాన్‌లో చెక్క అచ్చు చిత్రాలు తొలుత నల్లని సిరాతో మాత్రమే ముద్రింపబడేవి. కొన్నింటికి ఆపైన చేతితో రంగులు అద్దేవారు. 1740ల నాటికి గులాబీ, ఆకుపచ్చ వంటి రెండు మూడు రంగులను అచ్చులతోనే వేయడం ఆరంభమైంది. 1765లో సుజుకి హరునోబు చిత్రాలతో ‘నిషికి-ఎ’ అనే బహువర్ణ ముద్రణ స్థిరపడింది.

ఈ పద్ధతిలో చెర్రీ చెక్కపై రంగుకొక అచ్చు చొప్పున చెక్కేవారు. నీటిలో కలిపిన రంగును, బియ్యపు పిండి జిగురును అచ్చుపై కుంచెతో పూసి, దానిపై కాగితపు మల్బరీ నారతో చేసిన కాగితాన్ని పరచి, వెదురు పొర చుట్టిన ‘బారెన్’ అనే సాధనంతో వెనుకనుండి రుద్దేవారు. నూనె కలపని ఈ ముద్రణకు నీటిలో కరిగే లేదా అతి మెత్తగా కలిసిపోయే వర్ణకం అవసరం. రంగు కాగితపు నారలోకి ఇంకి పలుచని, పారదర్శకమైన పొరగా నిలిచేది. ఈ చిత్రాల సౌకుమార్యానికి మూలమైన ఆ పలుచదనమే వెలుగు, తేమల ధాటికి రక్షణ లేకుండా చేసింది.

కుసుమ

తెలంగాణ నల్లరేగడి నేలలలో రబీ నూనెగింజ పంటగా మనకు పరిచితమైన కుసుమయే (కార్థామస్ టింక్టోరియస్) జపాన్ చిత్రాల గులాబీ, ఎరుపు రంగులకు మూలం. అక్కడ దీనిని ‘బెనిబనా’ అంటారు. నేటి యమగతా ప్రాంతంలోని మొగామి నదీ లోయ ఈ పంటకు ప్రసిద్ధి. ముళ్ళు మంచుకు మెత్తబడి ఉండే తెల్లవారుజామున పూరేకులను కోసేవారు. వాటిని కడిగి, నీడలో తేమగా ఉంచి పులియబెట్టి, దంచి, బిళ్ళలుగా చేసి ఎండబెట్టేవారు. ఈ బిళ్ళలు నది మీదుగా సకతా రేవుకు, అక్కడి నుండి ఓడలలో క్యోటో వైపు వెళ్ళేవి.

కుసుమ పూరేకులో రెండు జాతుల రంగులుంటాయి. పసుపు వర్ణకాలు నీటిలో సులభంగా కరుగుతాయి, పరిమాణంలో అధికం. ఎర్రని కార్థమిన్ పూరేకు బరువులో నూటికి ఒక పాలు కూడా ఉండదు. పులియబెట్టే దశలో గాలి తగిలి ప్రీకార్థమిన్ అనే పూర్వ పదార్థం ఆక్సీకరణం చెంది కార్థమిన్‌గా మారుతుంది. కనుక పులియబెట్టడం నిల్వకు మాత్రమే కాక ఎరుపును పెంచడానికి కూడా తోడ్పడుతుంది.

వేరుపరచే విధానం ద్రావణీయతపై ఆధారపడింది. ముందుగా చల్లని నీటితో పసుపు వర్ణకాలను కడిగివేస్తారు. తరువాత బూడిద తేటనీటి క్షారంలో కార్థమిన్‌ను కరిగిస్తారు. పొగపట్టిన ఉమే పండ్ల పులుపుతో ఆ క్షారాన్ని తటస్థపరిస్తే ఎరుపు బయటపడుతుంది. మిగిలిన పసుపును తొలగించడానికి ఎరుపును ముందుగా నార బట్టకు పట్టించి, మరల క్షారంలోకి దింపుతారు. కార్థమిన్ సెల్యులోజ్‌ను అంటిపెట్టుకుంటుంది, పసుపు వర్ణకాలు అంతగా అంటవు. ఇంత శ్రమతో లభించిన ఈ వర్ణకం వెలుగుకు త్వరగా వెలిసిపోతుంది.

అవోబనా

తొలినాటి బహువర్ణ చిత్రాలలోని లేత నీలానికి అవోబనా పూరేకుల రసం ఒక ముఖ్య ఆధారం. ఇది కమెలైనా కమ్యూనిస్ మొక్కలో పెద్ద పూలనిచ్చే రకం. షిగా ప్రాంతపు కుసత్సులో సాగైంది. మన చేలలో కలుపుగా పెరిగే వెన్నవెదురు కూడా ఇదే ప్రజాతికి చెందినది. పూవు ఒక్క పూటలో వాడిపోతుంది కనుక వేసవి ఉదయాలలోనే కోసి, రసం పిండి, కాగితంపై పలుమార్లు పూసి ఎండబెట్టేవారు. ముద్రాపకుడు ఆ కాగితపు ముక్కను కొద్ది నీటిలో నానబెట్టి రంగును పొందేవాడు.

ఈ నీలపు పదార్థం కమెలినిన్. ఆరు ఆంథోసయనిన్ అణువులు, ఆరు ఫ్లేవోన్ అణువులు, రెండు మెగ్నీషియం అయాన్లు కలిసి ఏర్పడిన ఈ సంక్లిష్టం నిర్మాణం 1992లో నిర్ధారింపబడింది. పూవులో స్థిరంగా ఉండే ఈ నీలం కాగితంపై తేమకు సులభంగా చెదిరిపోతుంది. నీటితో పూర్తిగా పోయే ఈ గుణం వల్లనే యూజెన్ వస్త్ర కళాకారులు బట్టపై తొలి గీతలకు దీనిని వాడారు. వస్త్ర కళకు వరమైన ఆ గుణం చిత్రానికి శాపమైంది. హరునోబు కాలపు పలు ప్రతులలో నీలి నేపథ్యాలు నేడు ఎండుగడ్డి రంగులో కనిపిస్తాయి.

నీలి మొక్క, పసుపు వర్ణకాలు

జపాన్ నీలి మొక్క (పర్సికేరియా టింక్టోరియా) అవా ప్రాంతంలో, నేటి తోకుషిమాలో, విస్తారంగా సాగింది. ఎండిన ఆకులను సుమారు వంద రోజులు తడుపుతూ, తిరగవేస్తూ మాగబెట్టి ‘సుకుమొ’ తయారు చేసేవారు. చిత్రాలకు అవసరమైన ఇండిగోను తరచుగా అద్దకపు పాత గుడ్డల నుండి తిరిగి రాబట్టేవారు. ఇండిగో నీటిలో కరగదు. అందువలన అవోబనా కంటే బాగా నిలిచింది. 1830 ప్రాంతం నుండి దిగుమతి అయిన ప్రష్యన్ బ్లూ వ్యాపించినప్పటికీ ఇండిగో వెంటనే తొలగిపోలేదు. హొకుసాయి ‘మహా తరంగం’లో ఈ రెండూ కలిపి వాడినట్లు పరిశీలనలో తేలింది.

పసుపు రంగుకు పసుపు కొమ్ములు (కర్కుమిన్), కిహదా చెట్టు లోబెరడు (బెర్బెరిన్), ఎంజు చెట్టు మొగ్గలు (రుటిన్) వాడుకలో ఉండేవి. మన మానుపసుపులో ఉన్నది కూడా బెర్బెరినే.

మిశ్రమ వర్ణాలలో నష్టం మరింత మోసపూరితమైనది. కుసుమ, అవోబనాల కలయికతో చేసిన ఊదా రంగు గోధుమ ఛాయకు దిగజారుతుంది. ఇండిగోతో మొక్కల పసుపు కలిపిన ఆకుపచ్చలో పసుపు వెలిసి నీలం మిగులుతుంది. అప్పుడు చిత్రకారుడు ఎన్నడూ ఎంచుకోని వర్ణమేళనాన్ని అతని అభిరుచిగా పొరబడే ప్రమాదముంది.

గుర్తింపు, సంరక్షణ

నమూనా తీయకుండానే పలు వర్ణకాలను గుర్తించవచ్చు. అతినీలలోహిత కాంతిలో కుసుమ, పసుపు కొమ్ముల వర్ణకాలు ప్రకాశిస్తాయి. పరారుణ సమీప కాంతిని ఇండిగో పరావర్తనం చేయగా ప్రష్యన్ బ్లూ శోషిస్తుంది. వెలిసిన ప్రతిని, చీకటిలో భద్రపడిన ప్రతితో పోల్చడం మరొక మార్గం. బోస్టన్ లలితకళల మ్యూజియంకు స్పాల్డింగ్ సోదరులు 1921లో సుమారు 6,500 చిత్రాలను ఎన్నడూ బహిరంగంగా ప్రదర్శించరాదన్న నిబంధనతో ఇచ్చారు. అవోబనా నీలం, ఊదా రంగులు అసలు ఎలా ఉండేవో తెలుసుకోవడానికి ఆ సంచయం ప్రమాణంగా నిలిచింది. సాధారణ ప్రదర్శనలలో వెలుగును సుమారు 50 లక్స్‌కు పరిమితం చేసి, చిత్రాలకు దీర్ఘ విరామం ఇవ్వడం సంరక్షణ పద్ధతి.

ముగింపు

1860ల నుండి కృత్రిమ రంగులు ప్రవేశించడంతో మొక్కల వర్ణకాల వాడుక క్షీణించింది. మొగామి కుసుమ సాగు కూడా తగ్గిపోయింది. అయినప్పటికీ బెనిబనా 1982లో యమగతా రాష్ట్ర పుష్పంగా గుర్తింపు పొందింది.

ఈ చరిత్ర నుండి వ్యవసాయ పరిశోధనకు రెండు అంశాలు గ్రహింపదగినవి. మొదటిది, వర్ణకపు విలువ దిగుబడిపై మాత్రమే కాక కోత సమయం, పులియబెట్టడం, వేరుపరచడం వంటి కోత అనంతర చర్యలపై ఆధారపడుతుంది. మన కుసుమ పూరేకులను రంగుకై వినియోగించాలన్నా ఈ క్రమం తప్పనిసరి. రెండవది, సహజమైన రంగు అంతమాత్రాన నిలకడైనది కాదు. ఏ వర్ణకం ఏ ఉపయోగానికి, ఎంత వెలుగులో, ఎంత తేమలో నిలుస్తుందో ముందుగా పరీక్షించి చెప్పగలిగినప్పుడే రైతు శ్రమకు, కొనుగోలుదారు నమ్మకానికి న్యాయం జరుగుతుంది.