సగం నవల దగ్గర ఒక్కసారి ఆగండి

ఈమధ్య ఏం చదివారని అడిగితే నవలాభిమానులు టకటకా నాలుగు పేర్లు చెప్పేస్తారు. ఎలా ఉన్నాయంటే మాత్రం చాలామంది దగ్గర రెండే జవాబులు: సూపర్, లేదంటే బోర్. ప్రేమ నవలలు, థ్రిల్లర్లు కాలక్షేపం సరుకే కదా, వాటి మీద అంత ఆలోచన దేనికన్న చిన్నచూపు కూడా ఉంది. కానీ తొందరపడి మనుషుల్ని అంచనా వేసే అలవాటును ఇట్టే పట్టిచ్చేవి ఈ రెండు రకాల నవలలే.

1813లో వచ్చిన జేన్ ఆస్టెన్ 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' చూడండి. ఒక నృత్య కార్యక్రమంలో డార్సీ తన గురించి చులకనగా అన్న మాట కథానాయిక ఎలిజబెత్ చెవిన పడుతుంది. అతను పొగరుబోతని ఆమె అక్కడే తేల్చేసుకుంటుంది. చక్కగా మాట్లాడే వికమ్‌ను మాత్రం ఇట్టే నమ్ముతుంది. తర్వాత డార్సీ రాసిన ఉత్తరం చేతికొస్తుంది. మొదటిసారి కోపంగా చదువుతుంది. మళ్లీ చదువుతూ, వికమ్ మంచివాడనడానికి తన దగ్గరున్న ఆధారం ఏమిటని వెతుక్కుంటుంది. అందమైన ముఖం, తీయటి మాటలు తప్ప ఒక్క మంచి పని కూడా గుర్తురాదు! అప్పటిదాకా ఆమెతో పాటు వికమ్‌ను మెచ్చుకున్న పాఠకుడికీ ఆ చురక తగులుతుంది.

థ్రిల్లర్ ఇదే పని ఇంకాస్త నిర్దయగా చేస్తుంది. అగాథా క్రిస్టీ 'ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్' 1926లో వచ్చినప్పుడు, ముగింపు చూసి రచయిత్రి మోసం చేసిందని కొందరు మండిపడ్డారు. హంతకుడి పేరు ఇక్కడ చెప్పడం అన్యాయం కాబట్టి ఒక్కటే మాట: రెండోసారి చదివితే ఆధారాలన్నీ కళ్ల ముందే కనిపిస్తాయి. 1945లో అమెరికన్ విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్, అక్రాయిడ్‌ను ఎవరు చంపితే ఎవరికి కావాలి అన్నట్టుగా తన వ్యాసానికి శీర్షిక పెట్టి మొత్తం డిటెక్టివ్ సాహిత్యాన్నే ఈసడించాడు. 2013లో బ్రిటన్‌లోని క్రైమ్ రచయితల సంఘం సభ్యులు అదే నవలను అత్యుత్తమ క్రైమ్ నవలగా ఎన్నుకున్నారు.

పెద్దపెద్దవాళ్లకే పొంతన కుదరలేదు. ఆస్టెన్ నవలను వాల్టర్ స్కాట్ మళ్లీ మళ్లీ చదివి, మామూలు జీవితాన్ని అంత సహజంగా చిత్రించే నేర్పు తనకు లేదని మెచ్చుకున్నాడు. షార్లెట్ బ్రాంటీకి అదే పుస్తకం కంచె వేసిన తోటలా, గాలాడనట్టుగా అనిపించింది. అయితే ఇద్దరూ కారణాలు చెప్పారు. ఇష్టానికీ అభిప్రాయానికీ తేడా అక్కడే ఉంది.

తెలుగులోనూ ఇలాంటి వాదాలు తక్కువేం కాదు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'లో ధనవంతుడైన రాజశేఖరాన్ని చూసి, కలల్ని అమ్ముతున్నారని కొందరు పెదవి విరిచారు. సొంత కాళ్ల మీద నిలబడి, ఆత్మాభిమానం వదులుకోని జయంతిని చూసి మురిసిపోయినవాళ్లు ఇంకొందరు. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' పాఠకుల్ని రాత్రంతా మేలుకునేలా చేసింది. చేతబడిని నమ్మించే రచన అంటూ రంగనాయకమ్మ దాన్నే తీవ్రంగా విమర్శించారు. ఉత్కంఠ బాగుందని ఒప్పుకుంటూనే, నవల నమ్మించే విషయాన్ని కాదనవచ్చు. ఆ రెంటినీ విడదీసి చూడగలిగిన పాఠకుడు, ఆకట్టుకునే ఉపన్యాసం విన్నప్పుడు కూడా మాట తీరుకు పడిపోకుండా విషయం ఏమిటని అడగగలడు.

ఇందుకు పెద్ద సాధన అక్కర్లేదు. థ్రిల్లర్ సగానికి వచ్చాక ఎవరి మీద అనుమానం, ఎందుకు అన్నది ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ప్రేమ నవలైతే ఎవరు నచ్చారు, వాళ్లు చేసిన ఏ పని వల్ల నచ్చారు అన్నది రాయాలి. చివరి పేజీ అయ్యాక ఆ కాగితం తీసి చూస్తే, అందం, హోదా, మాటకారితనం ఎక్కడెక్కడ బోల్తా కొట్టించాయో తెలుస్తుంది. ఆఫీసులో కొత్తగా చేరిన మనిషి మీద, అరగంట పెళ్లిచూపుల మీద మనసు తీర్పు చెప్పేదీ ఈ లెక్కలతోనే.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న నవల ఏదైనా సరే, సగం దగ్గర ఆగి నాలుగు వాక్యాలు రాయండి. పూర్తయ్యాక మీ అభిప్రాయం మారితే, ఎక్కడ మారిందో ఆ పేజీ నంబరు కూడా పక్కనే వేసుకోండి.