తృణమణిలో నిలిచిన ఫెర్ను ఆకు

యెహెజ్కేలు గ్రంథము మొదటి అధ్యాయము 4వ వచనములో, ప్రవక్త చూచిన అగ్ని నడుమ ప్రకాశించిన వస్తువునకు హెబ్రీ భాషలో హష్మల్ అను పేరున్నది. ఈ మాట బైబిలంతటిలో యెహెజ్కేలు గ్రంథమందు తప్ప మరెక్కడను లేదు. అందును మూడు మారులే వచ్చును. దానిని గ్రీకులోనికి తర్జుమా చేసిన పెద్దలు ఎలెక్ట్రాన్ అనిరి. 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిలు ఆంబర్ అనెను. మన తెలుగు బైబిలులో అపరంజి అని యున్నది. వీటిలో ఏది సరియైనదో తేల్చుట కష్టము. ఏలయనగా గ్రీకువారు ఎలెక్ట్రాన్ అను పేరును బంగారు వెండి కలిసిన లోహమునకును పెట్టిరి, చెట్టునుండి కారిన జిగురు గట్టిపడి రాయివలె మారిన పసుపుపచ్చని మణికిని పెట్టిరి. ఆ మణిని గుడ్డతో రుద్దినయెడల గడ్డిపరకలను లాగుకొనును గనుక మన దేశమువారు దానిని తృణమణి అనిరి. ఈ గుణమును బట్టియే 1600లో విలియం గిల్బర్టు అను ఆంగ్ల వైద్యుడు తన గ్రంథములో వాడిన మాటనుండి ఎలెక్ట్రిసిటీ అను పేరు పుట్టినది. నేటి హెబ్రీ భాషలో విద్యుత్తుకు హష్మల్ అనియే పేరు!

అయితే ఈ మాసము మనము ధ్యానించునది మాటను గూర్చి కాదు, ఆ మణి కడుపులోనున్న ఆకులను గూర్చి.

చెట్లనుండి కారునదంతయు ఒక్కటి కాదు. తుమ్మబంక నీటిలో కరగును. గుగ్గిలము కరగదు, అది నూనెజాతి జిగురు. తృణమణి ఈ రెండవ జాతిది. కారిన జిగురులోని ఆవిరియగు నూనెలు క్రమముగా ఎగిరిపోవును. మిగిలిన అణువులు ఒకదానితో ఒకటి గొలుసువలె పెనవేసికొని గట్టిపడును. అది గాలి తగలని మట్టిలో పూడి లక్షల, కోట్ల సంవత్సరములు నిలిచినప్పుడు తృణమణి యగును. గుజరాతులో సూరత్ దగ్గర వస్తాన్, తడకేశ్వర్ అను లిగ్నైటు బొగ్గు గనులలో సుమారు 5 కోట్ల సంవత్సరములనాటి తృణమణి దొరకినదని 2010లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. రసాయన పరీక్షలో అది మన గుగ్గిలపు చెట్టు కుటుంబములోని వృక్షములనుండి కారినదని తేలినది. మన యిండ్లలో నిప్పులమీద వేసి పొగవేయు గుగ్గిలమునకు అది మిక్కిలి పాతకాలపు చుట్టమన్నమాట.

ఇక ఫెర్నులు. పాత దిగుడుబావుల లోపలి గోడలమీద, కొండవాగుల ప్రక్కన పచ్చగా పెరుగు ఈ మొక్కలను మీరు చూచియే యుందురు. వీటికి పువ్వు లేదు, కాయ లేదు. ఆకు త్రిప్పి చూచినయెడల అడుగున గోధుమరంగు చుక్కలు కనబడును. ఆ చుక్కలలో సిద్ధబీజములను మోయు చిన్న చిన్న తిత్తులుండును. ఒక్కొక్క తిత్తికి వెన్నెముకవంటి పట్టీ ఒకటి యున్నది. ఎండకు తడి ఆరగానే అది వెనుకకు వంగి, ఒక్కసారిగా వదలి, సిద్ధబీజములను ఒడిసెలరాళ్లవలె విసరును. రాతిలో అచ్చుపడిన ఫెర్నులలో ఈ సూక్ష్మభాగములు సాధారణముగా నలిగిపోవును. తృణమణిలోనైతే తిత్తియు, పట్టీయు, ఆకుమీది నూగును గూడ భూతద్దమునకు అందును. దొరకునవి మాత్రము చిన్న తునకలే. గాలికి విరిగిన ఆకు కొన జిగురు కారుచున్న మానుకు అంటుకొనెను, మరియొక పొర జిగురు దానిమీదుగా జారెను, అంతే.

ఉత్తర బర్మాలోని హుకాంగ్ లోయలో దొరకిన తృణమణులలో ఇట్టి ఫెర్నులు పలుమారులు బయలుపడినవి. 2008లో క్రెటాసిఫిలిక్స్ అనియు, 2016లో క్రామెరోప్టెరిస్ అనియు, 2017లో హోల్టుమోప్టెరిస్ అనియు వాటికి పేర్లు పెట్టిరి. ఈ మూడవది సింగపూరు వృక్షోద్యానమునకు చాలకాలము అధికారిగా నుండిన హోల్టమ్ దొర జ్ఞాపకార్థము పెట్టిన పేరు. ఫెర్నులు పూలమొక్కలకంటె ఎంతో పురాతనమైనవని పాఠశాలలో నేర్చుకొంటిమి. అది నిజమే. అయితే నేడు మన కంటికి కనబడు ఫెర్నులలో అధికభాగము, పూలచెట్లు అడవులై నీడ పరచిన తరువాతనే ఆ నీడలో విస్తరించినవని 2004లో ఒక పరిశోధకుల బృందము చూపెను. బర్మా మణులలోని ఫెర్నులు ఈ మాటకు సాక్ష్యము. పెద్దవని మనము ఎంచినవారు చిన్నవారి నీడన వర్ధిల్లిరి.

ఆ మణుల వయసును ఎట్లు కనుగొనిరి? మణిని చూచి వయసు చెప్పుట సాధ్యము కాదు. అవి దొరకు రాతిలో అగ్నిపర్వతపు బూడిదతో వచ్చిన జిర్కాన్ అను సూక్ష్మ స్ఫటికములున్నవి. వాటిలోని యురేనియము ఎరిగిన వేగముతో సీసముగా మారును. ఎంత మారినదో కొలిచి, 2012లో ఆ రాయి 9 కోట్ల 88 లక్షల సంవత్సరములనాటిదని లెక్కగట్టిరి. అటు యిటు 6 లక్షల తేడా.

ఇంత పెద్ద అంకె వినగానే మనలో కొందరి హృదయము కలవరపడును. లోకము వయసు ఆరువేల సంవత్సరములే అని ఆదివార పాఠశాలలో విన్నవారున్నారు. ఆ అంకె ఎక్కడనుండి వచ్చినది? ఐర్లాండుకు చెందిన అషర్ అను ఆర్చిబిషప్పు 1650లో వంశావళులను కూడి, సృష్టి క్రీ. పూ. 4004లో జరిగెనని వ్రాసెను. 1701 నుండి ఇంగ్లీషు బైబిళ్ల అంచులలో ఆ సంవత్సరములు అచ్చగుచు వచ్చినవి. అంచున నున్నది క్రమముగా పాఠములోనికి ప్రవేశించినట్లు జనులు తలంచిరి. ఆదికాండము మొదటి అధ్యాయములో లోకపు వయసు సంవత్సరములలో ఎక్కడను లేదు. అషర్ లెక్క ఒక పండితుని లెక్కయే గాని లేఖనము కాదు. దానిని నిలబెట్టుటకు జిర్కాన్‌తో పోరాడవలసిన పని మనకు లేదని నా అభిప్రాయము.

మన మనస్సాక్షిని కలవరపెట్టవలసినది వేరొకటి యున్నది. హుకాంగ్ లోయ కచిన్ రాష్ట్రములోనిది. కచిన్ ప్రజలలో అధికులు క్రైస్తవులు, వారిలో బాప్టిస్టులు ఎక్కువమంది. నెల్లూరు, ఒంగోలు ప్రాంతములలో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనువారే అక్కడికిని వెళ్లిరి. అక్కడ ప్రభుత్వ సైన్యమునకును కచిన్ సైన్యమునకును 1961 నుండి పోరాటము, నడుమ 1994లో సంధి, 2011లో మరల యుద్ధము. 2017లో ప్రభుత్వ సైన్యము తనాయ్ ప్రాంతపు గనులను పట్టుకొనగా అక్కడి జనులు చెల్లాచెదరైరి. ఈ మణుల వ్యాపారపు సొమ్ము యుద్ధమునకు చేరుచున్నదని, 2017 తరువాత కొన్న మణులనుగూర్చిన వ్యాసములను అచ్చువేయవద్దని, వెన్నెముకగల ప్రాచీన జంతువులను పరిశోధించు అమెరికా సంఘము 2020లో పత్రికలను వేడుకొనెను. అందరును ఒప్పుకొనలేదు. పరిశోధకులు కొనకపోయినను ఆభరణముల వర్తకులు కొందురు, అప్పుడు లోపలి ఆకు సానబట్టుటలో పోవును, అని కొందరు వాదించిరి. ఆ వాదములో సత్యము లేకపోలేదు. అయినను అందమైన ఆకును చూచి ఆనందించువాడు అది ఎవరి చేతిమీదుగా వచ్చినదని అడుగకుండుట నాకు న్యాయముగా తోచదు.

పైగా క్రొత్త గుంత త్రవ్వకయే నేర్చుకొనవలసినది చాల యున్నది. బాల్టిక్ సముద్రపు తృణమణిలోని మొక్కలనుగూర్చి గెప్పెర్టు, బెరెంట్ అనువారు 1845లోనే గ్రంథము ప్రకటించిరి. ఆ ప్రాంతపు మణిలోనే 1872లో ఒక పువ్వును కాస్పారీ అను పండితుడు వర్ణించి, తేయాకు కుటుంబపు మొక్కగా ఎంచి పేరు పెట్టెను. దాని వెడల్పు 28 మిల్లీమీటర్లు. తృణమణిలో ఇంతవరకు తెలిసిన పువ్వులన్నిటిలో ఇదే పెద్దది. బెర్లినులో భద్రపరచబడి, నూరేండ్లకు పైగా దానిని ఎవరును మరల పరీక్షింపలేదు. కడపట ఎవా-మరియా సడోవ్‌స్కీ, క్రిస్టా-షార్లెట్ హోఫ్‌మన్ అను ఇద్దరు స్త్రీలు ఆ మణి నుండి కొద్దిపాటి పుప్పొడిని గీకి తీసి సూక్ష్మదర్శినిలో చూచి, అది తేయాకు చుట్టము కాదు, సింప్లోకాస్ జాతిదని 2023లో ప్రకటించిరి. ఆ జాతి చెట్టు మన కొండ అడవులలోను ఉన్నది. దాని బెరడును మన వైద్యులు లొద్దుగ చెక్క అని మందులలో వాడుదురు.